గట్టిమేళం కింద

మా మావయ్యగారి కుడిచెయ్యి ఆషాఢంలో పక్షవాతంతో పడిపోయింది. ఆషాఢంలో ముహూర్తాలుండవు కాబట్టి ఏ పెళ్ళీ ఆగిపోలేదు. కాకినాడ ఆసుపత్రిలో మాట తిరిగి వచ్చాక, మూతి కాస్త పక్కకు లాగుతుండగానే ఆయన మొదట అన్నది అదే.

"మంచి నెల చూసుకుని వచ్చిందిలే అమ్మా."

ఆయన పేరు బుల్లియ్య. ద్రాక్షారామం చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళి మేళానికి డోలు వాయించేవారు. డోలు ఎడమవైపు కర్రతో కొడతారు. కుడివైపు వేళ్ళకు గట్టి తొడుగులు పెట్టుకుని వాయిస్తారు. కర్ర మోత దూరం వెళుతుంది, వేళ్ళ మోత చిక్కగా దగ్గర నిలుస్తుంది. రెండూ కలిస్తేనే డోలు. ఆయనకు పోయింది వేళ్ళ వైపు.

చెయ్యి అసలు కదలదని కాదు. భుజం లేస్తుంది, మోచెయ్యి వంగుతుంది, వేళ్ళు కూడా కాస్త ముడుచుకుంటాయి. స్పర్శ లేదు. కాఫీ గ్లాసు పట్టుకుంటే వేడి తెలియదు సరికదా, పట్టుకున్న సంగతే తెలియదు. కళ్ళతో చూసుకుంటూ పట్టుకోవాలి. చూపు పక్కకు తిరిగితే గ్లాసు జారిపోతుంది. జారిపోయిన గ్లాసు వంక ఆయన కోపంగా చూసేవారు కాదు. వేరేవాళ్ళ ఇంట్లో ఏదో పడిందన్నట్టు చూసేవారు.

నేను ఆయన కోడలిని. బీయస్సీ చదివి, ఊళ్ళోనే ఒక కాన్వెంటులో సైన్సు చెబుతున్నాను. ఆ ఏడాది మా పాపాయికి ఇంకా నడక రాలేదు. చలి తగిలితే దాని ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యేవి. నేను ఎక్కడున్నా ఒక చెవి దాని ఊపిరి మీదే ఉండేది. పప్పు తాలింపు వేస్తున్నా, నల్లబల్ల మీద బొమ్మ గీస్తున్నా అంతే. బడిలో నాకు వినపడేది పిల్లల గోల కాదు, ఇంటి దగ్గర దాని దగ్గు. అక్కడి నుంచి వినపడదని తెలుసు. అయినా వినపడేది.

ఆయన డోలు నేర్చుకున్న తీరు ఒకసారి చెప్పారు. వాళ్ళ నాన్న డోలు ముట్టుకోనిచ్చేవాడు కాదట. ఊక నింపిన గోనెసంచి ఒళ్ళో పెట్టి, దాని మీద వాయించమనేవాడట. ఊక మీద ఎంత కొట్టినా మోత రాదు. ఏడాదిపాటు అలా మోత రాని సంచి మీద వాయించాక ఒకరోజు నిజం డోలు ఇచ్చాడట. "మొదటి దెబ్బకి నేనే భయపడిపోయానమ్మా. ఇంత మోత నా వేళ్ళలో ఎక్కడుందా అని" అన్నారు.

ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన తలగడ ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టారు. ఎడమచెయ్యి తలగడ మీద ఆడేది. కుడిచెయ్యి పక్కన ఉండేది.

ఆయన పేరు చెబితే చుట్టుపక్కల వాళ్ళకు గుర్తొచ్చేది గట్టిమేళం. తాళి కట్టే వేళ ఎవరైనా తుమ్మినా, దగ్గినా, ఏడ్చినా అశుభమంటారు. ఆ చప్పుళ్ళేవీ పెళ్ళికూతురి చెవిన పడకుండా పురోహితుడు చెయ్యెత్తగానే మేళమంతా ఒక్కసారి హోరెత్తాలి. అది ఎంతసేపు వాయించాలన్న లెక్క లేదు. పెళ్ళికొడుకు వేళ్ళు ఎంత వణికితే అంతసేపు. మావయ్యగారు డోలు వంక చూసేవారు కాదు, పురోహితుడి వంకా చూసేవారు కాదు. పెళ్ళికొడుకు వేళ్ళ వంకే చూసేవారు. మూడో ముడి బిగిసేదాకా మోత పల్చబడకూడదు, బిగిశాక ఒక్క దెబ్బ ఎక్కువ పడకూడదు. ఒకసారి ఒక పెళ్ళికొడుకు రెండో ముడి విప్పి మళ్ళీ వేశాడట. ఆయన మోత ఆపలేదు, అలసిపోలేదు. తరవాత సన్నాయి రాముడు మాత్రం గొంతు పట్టుకుని, "ఒరే బుల్లియ్యా, ఆ కుర్రాడు పీటల మీద ముడులు నేర్చుకుంటన్నాడ్రా. నా ఊపిరి తీసేశాడు" అన్నాడట. రాముడు ఆయనతో చిన్నప్పటి నుంచీ కలిసి వాయించినవాడు. నోరు ఊరుకోదు.

మా పెళ్ళికి కూడా గట్టిమేళం ఆయనే వాయించారు. పెళ్ళికొడుకు తండ్రి మేళంలో కూర్చోకూడదని అందరూ అన్నారు. ఆయన పట్టుపంచె మీదే డోలు ఒళ్ళోకి తీసుకున్నారు. "నా కొడుకు తాళి కడుతుంటే ఇంకోడి చేతిలో డోలు పెడతానా?" అన్నారట. మా అత్తగారు సత్యకుమారి ఆయన పక్కనే నిలబడింది. అప్పటికే ఆవిడకు దగ్గు. ఊపిరితిత్తుల్లో జబ్బని మాకు తరవాత తెలిసింది. పెళ్ళయిన మరుసటి వానాకాలంలో ఆవిడ పోయింది. ఇంట్లో ఆవిడ మాట వచ్చినప్పుడల్లా మావయ్యగారు ఒకే సంగతి చెప్పేవారు.

"అంత దగ్గులోనూ పెళ్ళిరోజు ఒక్కసారి దగ్గలేదమ్మా. పొద్దుటి నుంచి అప్పగింతల దాకా. దేవుడు ఆపాడు."

అది ఆయనకు గొప్పగా ఉండేది. మాకు విని విని అలవాటైపోయింది.

మాఘం వస్తోందనగా ఒకరోజు అమ్మిరాజుగారు వచ్చారు. కాలవ అవతలి ఊళ్ళో పెద్ద రైతు. అరుగు మీద కూర్చుని ముందు చెయ్యి చూపించమన్నారు. మావయ్యగారు ఎడమచేత్తో కుడిచెయ్యి ఎత్తి చూపించారు.

"అయితే ఏంటంట?" అన్నారు అమ్మిరాజుగారు. "నా పెళ్ళికి మీ నాన్న. నా కూతురి పెళ్ళికి నువ్వు. ఇప్పుడు మనవరాలిది. నువ్వు కూర్చోవాలి బుల్లియ్యా."

"కూర్చోడానికేం, కూర్చుంటానండి. వాయించడమే."

"అదేదో చూసుకో. నువ్వు రానంటే కాకినాడ నుంచి బ్యాండు మాటాడతాను. ఆళ్ళు టోపీలు పెట్టుకుని సినిమా పాటలు ఊదుతారు. మా ఆవిడ నన్ను బతకనివ్వదు."

"ఇంకో డోలు మనిషిని పంపుతానండి, రామచంద్రపురం నుంచి..."

"మరి నీ ఇంటికెందుకొచ్చానయ్యా, రామచంద్రపురం తెలీకా?"

ఆయన వెళ్ళిపోయాక మావయ్యగారు తలగడ తెచ్చుకున్నారు. ఎడమచేత్తో కాస్సేపు వాయించి, కుడిచెయ్యి ఎత్తి దాని మీద పడేశారు. మెత్తగా పడింది. మళ్ళీ ఎత్తి పడేశారు. నేను పాపాయికి అన్నం పెడుతూ చూశాను. ఆయనకు ఆ పెళ్ళికి వెళ్ళాలని ఉంది. అది తప్ప ఆయనకు కావలసింది ఇంకేదీ ఆ ఇంట్లో నాకు కనపడలేదు.

మావారు ఉదయభాస్కర్ ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తారు. ఆ నెలలోనే చెన్నై నుంచి కొత్త శాంప్లర్ తెప్పించారు. పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో తబలా, వయొలిన్ మనుషులు దొరకనప్పుడు పనికొస్తుందని అన్నారు. థర్మకోల్ ముక్కల మధ్య నుంచి బయటికి తీశారు. నల్లటి పెట్టె. పైన పదహారు రబ్బరు ప్యాడ్లు, నాలుగు నాబ్‌లు, అరచేతిలో సగం తెర. స్విచ్చి వేయగానే ప్యాడ్ల కింద ఎర్రటి వెలుగు వచ్చింది. పాపాయి పాక్కుంటూ వెళ్ళి ఒక ప్యాడ్ మీద చెయ్యి వేసింది. ఎవరో ఇంగ్లీషులో ఏదో అన్నట్టు ఒక చప్పుడు. అది ఉలిక్కిపడి నా వంక చూసింది. నేను ముందు దాని ఊపిరి విన్నాను, తరవాత నవ్వాను.

పెట్టె ఏ శబ్దాన్నయినా తీసుకుని దాచుకుంటుంది. ప్యాడ్ నొక్కితే తిరిగి ఇస్తుంది. అంతవరకు టేపురికార్డరు కూడా చేస్తుంది. అందులో గ్రాన్యులర్ అనే ఎఫెక్ట్ ఒకటి ఉంది. అది శబ్దాన్ని రెప్పపాటులో సగం కంటే చిన్న ముక్కలుగా కోస్తుంది. ఒక్కో ముక్కను పక్క ముక్కతో కలుపుతూ మళ్ళీ పేరుస్తుంది. టేపు నెమ్మదిగా తిప్పితే గొంతు కూడా లావుగా సాగిపోతుంది కదా, ఇందులో అలా కాదు. సాగుతుంది కానీ గొంతు మారదు. కావాలంటే ఒకేచోట పట్టి ఉంచవచ్చు. ఎంతసేపయినా. నాకు సూత్రం అర్థమైంది. శబ్దం తరంగం కాబట్టి దాన్ని గింజలుగా ఎలా విడగొట్టినా మళ్ళీ తరంగమే అవుతుంది. ఆ రోజు అంతకు మించి నాకేమీ అనిపించలేదు. తెర మీద అక్షరాలు చాలా చిన్నవి అనుకున్నాను.

"నాన్నా, నీ కుడిచెయ్యి దీన్లో పెడతాను" అన్నారు మావారు.

"ఏదీ, ఈ చచ్చినదా?"

"బాగున్నప్పటిది. మా పెళ్ళి వీడియోలో గట్టిమేళం ఉందిగా. కెమేరా నీ పక్కనే ఉంది. ఆ మోత దీన్లోకి ఎక్కిస్తా. నువ్వు కర్ర వైపు వాయించు. నేను వెనకాల కూర్చుని ప్యాడ్ నొక్కుతా. పెళ్ళికొడుకు ముడులు వేసేదాకా పట్టి ఉంచుతా. ఎంతసేపయినా పర్లేదు."

మావయ్యగారు పెట్టె వంక, ఆ తరవాత తన చెయ్యి వంక చూశారు. "వినిపించు" అన్నారు.

వీడియో సీడీ పెట్టి, గట్టిమేళం ముక్క పెట్టెలోకి ఎక్కించడానికి సాయంత్రం అయింది. రాముడు కూడా వచ్చాడు. మావారు ప్యాడ్ నొక్కారు. స్పీకర్లలోంచి డోలు మోగింది. మా పెళ్ళినాటి మోత. గది చిన్నది కాబట్టి గ్లాసులు అదిరాయి. మావయ్యగారి ఎడమచెయ్యి దానంతటదే లేచింది. తరవాత మావారు నాబ్ తిప్పి పట్టి ఉంచారు. మోత ఆగకుండా అలాగే ఉండిపోయింది. కానీ దెబ్బలు పోయాయి. రేకుల కప్పు మీద వాన పడుతున్నట్టు, మరలోంచి బియ్యం జారుతున్నట్టు ఒకటే పొరగా ఉంది.

"నూకలు చేసేశావ్ కదరా" అన్నారు మావయ్యగారు.

రాముడు పకపకా నవ్వాడు. "ఒరే బుల్లియ్యా, నీ కొడుకు నిన్ను మరాడించేశాడ్రా! రేపు నా సన్నాయి కూడా ఈ పెట్టెలో పోసి రవ్వ తీస్తాడేమో. అయినా బాగానే ఉందిలే. నువ్వు చుట్ట కాల్చుకోడానికి వెళ్ళినా ఇది వాయిత్తానే ఉంటాది."

"అదే" అన్నారు మావయ్యగారు. "ఇది ఆగదు."

"ఆపుతాను నాన్నా, నేనే కదా ఆపేది."

"నువ్వు ఆపుతావు. ఇది ఆగదు. ఆపరా."

మావారు ఆపారు. గది మామూలుగా అయింది. మావయ్యగారు లేచి, "అమ్మిరాజుగారికి బ్యాండు మాటాడుకోమని చెప్పు" అని వీధి గుమ్మంలోకి వెళ్ళి కూర్చున్నారు. మావారు పెట్టె మూసెయ్యలేదు. ఆ రాత్రి అన్నాల దగ్గర పెరుగు పుల్లగా ఉందని నేను అన్నాను. నిజానికి పుల్లగా లేదు.

తరవాతి ఆదివారం మధ్యాహ్నం మావారు మళ్ళీ దాని ముందు కూర్చున్నారు. దెబ్బలు దెబ్బల్లా నిలబడేట్టు ముక్కల కొలత మారుస్తున్నారు. మోతను మొదటి నుంచి చివరిదాకా బాగా నెమ్మదిగా సాగదీసి, ఎక్కడ పట్టి ఉంచితే బాగుంటుందో వెతుకుతున్నారు. మావయ్యగారు గోడకు చేరబడి కునుకుతున్నారు. నేను బియ్యం ఏరుతున్నాను. పాపాయి నా ఒళ్ళో నిద్రపోతోంది.

అంత సాగదీస్తే దెబ్బకూ దెబ్బకూ మధ్య ఉన్న ఖాళీలు కూడా సాగుతాయి. మామూలుగా అవి ఖాళీలని కూడా తెలియవు. ఆ ఖాళీల్లో ఏదో ఉంది. నా చెయ్యి బియ్యంలో ఆగిపోయింది. వంగి పాపాయి ఛాతీకి చెవి ఆనించాను. దాని ఊపిరి సాఫీగా ఉంది.

"మళ్ళీ వెయ్యండి" అన్నాను.

"ఏంటి?"

"ఇప్పుడు వచ్చింది మళ్ళీ వెయ్యండి. ఎవరో దగ్గుతున్నారు."

మావారు వెనక్కి తిప్పి వేశారు. ఒక దెబ్బ, దాని తోక పొడుగ్గా జారుతూ పోయింది. ఆ తోక కింద, గొంతులో గరగర, ఆ తరవాత దగ్గు. నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుంటే వచ్చే మూసుకుపోయిన దగ్గు. మరో దెబ్బ పడి దాన్ని కప్పేసింది. ఆ దెబ్బ తగ్గుతుండగా మళ్ళీ దగ్గు. మోత మధ్యలో ఉంది, చివర్లో కూడా ఉంది. చివరిది బాగా లోతుది. అది అవుతుండగానే డోలు ఆగింది, దానితోపాటే అదీ ఆగింది. ఒక్క క్షణం కూడా దాటలేదు.

దగ్గుల తేడా నాకు తెలుసు. అది అప్పుడే వచ్చిన దగ్గు కాదు. చాలాసేపు ఆపుకుని, వదిలిన దగ్గు.

మావయ్యగారి కళ్ళు తెరిచే ఉన్నాయి. ఎప్పుడు తెరిచారో నేను చూడలేదు.

"సత్యం" అన్నారు. మా అత్తగారిని ఆయన అలాగే పిలిచేవారు.

మావారు నాబ్ మీద చెయ్యి తీసేశారు.

"ఇంకోసారి వెయ్యరా."

ఇంకోసారి వేశారు. ఆయన ఇంకోసారి అన్నారు. అలా ఎన్నిసార్లు వేశారో. మావారి ముఖం మీద ఏమీ లేదు. నా ముఖం మీద కూడా ఏమీ ఉండి ఉండదు. వాళ్ళమ్మ గొంతు విని మావారు ఏడుస్తారేమో అనుకున్నాను. ఏడవలేదు. తెర వంక చూస్తూ, "లెవెల్ తక్కువుంది" అన్నారు. మేమిద్దరం ఆ మధ్యాహ్నం అలాంటి మాటలే మాట్లాడుకున్నాం.

"పొద్దుటి నుంచి ఆపుకుంది" అన్నారు మావయ్యగారు. "కాశీయాత్రకి ఆపుకుంది. జీలకర్రబెల్లం దగ్గిర ఆపుకుంది. డోలు మోగేదాకా ఆపుకుంది. మేళగాడి పెళ్ళాం. ఎప్పుడు దగ్గితే ఎవరికీ వినపడదో దానికి తెలుసు." కుడిచెయ్యి ఎత్తి ఒళ్ళో పెట్టుకుని, "నాకూ వినపడలేదు" అన్నారు.

దేవుడు ఆపాడన్న మాట ఆయన ఆ తరవాత ఎప్పుడూ అనలేదు.

మర్నాడు పొద్దున్న ముఖం కడుక్కుని, ఎడమచేత్తో తలగుడ్డ చుట్టుకునే ప్రయత్నం చేస్తూ ఆయన మావారిని పిలిచారు.

"అమ్మిరాజుగారి ఊరు వెళ్ళొద్దాం రా. వస్తానని చెప్పాలి."

మావారు లోపలికి వచ్చి నాతో మెల్లగా అన్నారు, ఆ దగ్గు లేని చోటు చూసి ముక్క కత్తిరించి పెడతానని. ఆ మాట మావయ్యగారికి వినపడింది.

"ఎందుకు కత్తిరించడం?"

"పట్టి ఉంచితే మధ్యలో బయటికొస్తుందేమో నాన్నా. పోయిన మనిషి దగ్గు. వాళ్ళింట్లో శుభకార్యం..."

"పోయిన మనిషేంట్రా? దగ్గినప్పుడు బతికే ఉందిగా. పట్టుచీర కట్టుకుని, తలనిండా పూలు పెట్టుకుని, కొడుకు పెళ్ళిలో దగ్గింది. పుణ్యస్త్రీ దగ్గురా అది. దానివల్ల ఎవరికీ ఏమీ కాదు. ఉండనీ."

"సరే."

"గట్టిగా పెట్టు. ఎంత గట్టిగా వస్తే అంత గట్టిగా. పందిట్లో ఎంతమంది దగ్గు ఆపుకుని కూర్చుంటారో. నా ఒక్క కర్ర వాళ్ళకి చాలదు."

అమ్మిరాజుగారి దగ్గర ఆయన ఏదీ దాచలేదని మావారు వచ్చి చెప్పారు. "ఒక చెయ్యి నాదండి, ఒక చెయ్యి పెట్టెదండి. ఇష్టమైతేనే" అన్నారట. అమ్మిరాజుగారు వడ్ల బస్తాల మధ్య నిలబడి, "రెండూ నీ ఇంటివేగా. ఇంకేం?" అన్నారట.

పెళ్ళి పగటి ముహూర్తం. ఆ వేకువనే మంచు బాగా పడింది. పాపాయికి కూతలు మొదలయ్యాయి. సిరప్పు పోశాను. ఇంట్లో ఉండిపోతానన్నాను. దాన్ని అక్కడికి తీసుకెళితే సరిగ్గా తాళి వేళకు దగ్గుతుందని, అందరూ తిరిగి చూస్తారని అనిపించింది. ఎండ వచ్చాక తగ్గుతుందిలే రమ్మని మావారు అన్నారు. మావయ్యగారు ఆటో ఎక్కుతూ, పాపాయి స్వెట్టరు తన భుజం మీద వేసుకున్నారు. నేనూ ఎక్కాను.

పందిరి పెద్దది. మేళానికి మండపం పక్కనే బల్ల వేశారు. మావయ్యగారు ముందు కూర్చున్నారు. డోలు ఒళ్ళోకి రాముడు ఎత్తి పెట్టాడు. "బరువేం తగ్గలేదొరేయ్, నీలాగే ఉంది" అన్నాడు. కుడిచేతి వేళ్ళకు తొడుగులు కూడా పెట్టాడు. మా అత్తగారు ఉన్నప్పుడు గుడ్డ పీలికలు, మైదా జిగురు కలిపి చేసిన తొడుగులు. వాయించకపోయినా పెట్టమని మావయ్యగారే అడిగారు. మావారు వెనకాల శాంప్లర్‌తో కూర్చున్నారు. స్పీకర్లు మండపం రెండువైపులా ఉన్నాయి.

నేను చివరి వరసలో, అవసరమైతే బయటికి వెళ్ళిపోయేలా కుర్చీ చూసుకున్నాను. మావయ్యగారు మెడ తిప్పి వెతికారు. నన్ను చూసి ఎడమచేతిలో కర్రతో రమ్మన్నారు. వెళ్ళాను.

"ఇక్కడ కూర్చోమ్మా" అన్నారు. డోలు పక్కన, ఆయన మోచేతి దగ్గర.

"పాపాయికి దగ్గుగా ఉందండి మావయ్యగారూ."

"అందుకే."

కూర్చున్నాను. పెళ్ళి నడుస్తోంది. పాపాయి ఊపిరి నా మెడ మీద తగులుతోంది, సన్నగా ఈల వేస్తోంది. పెళ్ళికూతురి వెనక వాళ్ళ అమ్మమ్మ, అమ్మిరాజుగారి భార్య, కొంగు నోటి దగ్గర పెట్టుకుని ఉంది. ఆవిడ మెడ దగ్గర నరం అదురుతోంది. అంతకుముందు నేనెప్పుడూ పెళ్ళిలో అలాంటివి చూడలేదు. ఆ రోజు అవే కనపడ్డాయి. ఒకాయన ముక్కు నలుపుకుంటున్నాడు. ఒక కుర్రవాడు పెదవులు బిగపట్టి ఉన్నాడు. అందరూ పెళ్ళికొడుకు వంక చూస్తున్నారు.

పురోహితుడు చెయ్యెత్తాడు.

మోత వచ్చింది. అది ఇంట్లో విన్న మోత కాదు. బల్ల అదిరింది, నా పళ్ళు అదిరాయి. రాముడి సన్నాయి ఎక్కడో పైన ఉంది. మావయ్యగారి ఎడమచేతి కర్ర పడుతోంది, కనపడుతోంది, కానీ ఏది కర్ర దెబ్బో ఏది మా పెళ్ళినాటి దెబ్బో తెలియడం లేదు. కుడిచెయ్యి డోలు మీద ఊరికే ఉంది. తోలు అదురుతున్నప్పుడల్లా దాని మీద వేళ్ళు కూడా అదురుతున్నాయి. ఆయన దాన్ని చూడటం లేదు. పెళ్ళికొడుకు వేళ్ళ వంకే చూస్తున్నారు.

మొదటి ముడి పడింది. రెండో ముడి దగ్గర ఆ అబ్బాయి చెయ్యి జారింది. మావయ్యగారు తల కొంచెం ఊపారు. మావారు మోతను పట్టి ఉంచారు. అది నూకలుగా మారలేదు. కర్ర దెబ్బలు పైన పడుతూ దాన్ని నిలబెట్టాయి.

పాపాయి ఛాతీ నా అరచేతి కింద ఒక్కసారి బిగుసుకుంది. తరవాత కుదుపు. మళ్ళీ కుదుపు. నోరు తెరుచుకుంది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దగ్గుతోంది. నాకు వినపడలేదు. అది పుట్టిన తరవాత నాకు దాని దగ్గు వినపడకపోవడం అదే మొదటిసారి. ఒక్కళ్ళూ తిరిగి చూడలేదు. ఎదురుగా అమ్మిరాజుగారి భార్య భుజాలు కదిలిపోతున్నాయి, కొంగు నోట్లో కుక్కుకుని. ఆవిడ దగ్గూ వినపడలేదు. స్పీకర్లలో మా అత్తగారు కూడా దగ్గుతూ ఉండి ఉంటుంది. అదీ వినపడలేదు.

మూడో ముడి బిగిసింది. మావయ్యగారి కర్ర ఆగింది. మావారి వేలు లేచింది. ఒక్క దెబ్బ కూడా ఎక్కువ పడలేదు.

అక్షింతలు పడ్డాయి. అమ్మిరాజుగారు వచ్చి తాంబూలం ఇచ్చారు. దాన్ని ఎడమచేత్తో తీసుకోకూడదు. మావయ్యగారు ఎడమచేత్తో కుడిచెయ్యి పైకి లేపి, దాని వంక చూస్తూ అరచెయ్యి విప్పారు. తొడుగులు ఇంకా వేళ్ళకే ఉన్నాయి. అమ్మిరాజుగారు పళ్ళూ ఆకులూ దానిలో పెట్టి, పడిపోకుండా పైనుంచి తన రెండు చేతులూ వేసి మూశారు.

"ఇంకో మనవరాలు ఉందయ్యా" అన్నారు.

"చూద్దామండి" అన్నారు మావయ్యగారు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో రాముడు నిద్రపోయాడు. మావారు శాంప్లర్ ఒళ్ళో పెట్టుకుని, మీద తువ్వాలు కప్పారు. కాలవ గట్టు పొడుగునా ఎండ ఉంది. పాపాయికి కూత తగ్గింది. నేను మాత్రం దాని వీపు మీద నుంచి చెయ్యి తియ్యలేదు. మావయ్యగారు ఎదురు సీట్లో, ఒళ్ళో కుడిచెయ్యి పెట్టుకుని రోడ్డు వంక చూస్తున్నారు.

"ఎవరన్నా దగ్గారా అమ్మా?" అని అడిగారు, ఇటు తిరగకుండానే.

"పెళ్ళికూతురి అమ్మమ్మగారు దగ్గారండి. మన పాపాయి దగ్గింది."

"వినపడిందా?"

"లేదు మావయ్యగారూ. చేతికి తెలిసింది."

ఆయన ఒళ్ళోని కుడిచెయ్యి వంక చూసుకున్నారు.

"అయితే మోగింది" అన్నారు.